పొగలేని పొయ్యి: మూడు రాళ్ళనుండి నేటివరకు

మానవుడు నిప్పును వశపరచుకొనిన కథను మన పాఠ్యపుస్తకములు రెండు మూడు వాక్యములలో ముగించును. ఆ నిప్పు వంటింటిలోనికి వచ్చిన తరువాత ఏమి జరిగినదో అవి చెప్పవు. ఆవిరియంత్రమును గూర్చియు, విద్యుత్తును గూర్చియు చదివిన విద్యార్థికి, తన తల్లి రెండు పూటలా ఎదుట కూర్చుండు పొయ్యిని గూర్చి చెప్పువారు అరుదు. అయినను మన దేశమున అందరికంటె ఎక్కువమంది చేతిలో మెలగిన ఉష్ణసాధనము పొయ్యియే. దానిని బాగుచేయుటకు ఇంజనీర్లు, వైద్యులు, గ్రామసేవకులు డెబ్బది సంవత్సరములకు పైగా శ్రమించిరి. ఆ శ్రమలో జయములకంటె అపజయములే ఎక్కువ. ఆ అపజయములనుండి మనము నేర్చుకొనవలసిన విజ్ఞానము చాల కలదు.

కర్నూలు జిల్లా పడమటి భాగమున నున్న పత్తికొండ ప్రాంతమును దృష్టియందుంచుకొని ఈ చరిత్రను పరిశీలింతము. ఇది వాన తక్కువైన మెట్టసీమ. నల్లరేగడియు ఎర్రనేలయు కలసియుండును. ఊళ్ళ చెంత దట్టమైన అడవులు లేవు. అందుచేత ఇచ్చట వంటచెరకు ఏడాది పొడుగునా ఒకే రకముగా దొరకదు. పత్తి ఏరుట ముగిసిన పిమ్మట పత్తికట్టె వచ్చును. కంది కోసిన పిమ్మట కందికట్టె వచ్చును. ఈ సీమవారు బుడ్డలని పిలుచు వేరుసెనగను వలిచిన పిమ్మట పొట్టు మిగులును. పశువులున్న ఇంట పిడకలుండును. ఇవేమియు లేనినాడు సర్కారు తుమ్మకంప ఉండనే ఉన్నది. కాబట్టి ఇచ్చటి గృహిణికి ఎదురగు ప్రశ్న ఇది: దొరకిన చెరకునెల్ల కాల్చగలిగి, పొగ తక్కువగా వదలు పొయ్యి ఏది? చిన్నదిగా తోచు ఈ ప్రశ్నలో రసాయనశాస్త్రము, భౌతికశాస్త్రము, వైద్యము, వ్యవసాయము అన్నియు ఇమిడియున్నవి.

తొలి నిప్పుల గుర్తులు

రాయలసీమలో నిప్పు చరిత్ర మిక్కిలి పాతది. బేతంచెర్ల పరిసరములలోని సున్నపురాతి గుహలు పురాతత్త్వజ్ఞులకు చిరపరిచితములు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1880ల నాడే వానిలో త్రవ్వకములు జరిపెను. తరువాత ఎం. ఎల్. కె. మూర్తి పరిశోధించిన ముచ్చట్ల చింతమాను గవి అను గుహలో, పాతరాతియుగపు కడపటి దశకు చెందిన మనుష్యులు నిప్పు వేసికొనిన స్థలము బయటపడినది. ఉష్ణదీప్తి పద్ధతిచే దాని వయస్సును లెక్కింపగా సుమారు 17 వేల సంవత్సరములని తేలినది. ఈ ఫలితము 1983లో ప్రకటింపబడినది. ఒకప్పటి కర్నూలు జిల్లా పరిధిలో మనకు తేదీతో సహా తెలిసిన మొదటి పొయ్యి ఇది యనవచ్చును.

పత్తికొండకు పడమటను దక్షిణమునను గల బళ్ళారి, అనంతపురము జిల్లాలలోను, కృష్ణకు ఉత్తరమున ఉట్నూరువద్దను బూడిదదిబ్బలు కలవు. ఇవి ఏమైయుండునని పండితులు చిరకాలము తర్కించిరి. 1957లో ఆల్చిన్ ఉట్నూరులో జరిపిన త్రవ్వకములు, త్సాయినర్ చేసిన రసాయన పరీక్షలు సందేహమును తీర్చినవి. కొత్తరాతియుగపు పశుపాలకులు దొడ్లలో పేరుకొనిన పేడను కాల్చగా మిగిలిన బూడిదయే ఈ దిబ్బలు. అవి వంటకై వేసిన మంటలు కావు. అయినను ఎండిన పేడ మండునని ఈ సీమవారికి నాలుగు వేల యేండ్లకు పూర్వమే తెలిసియుండెననుటకు అవి సాక్ష్యము.

వంటశాలను గూర్చిన వ్రాత కూడ ఈ దాపుననే ఉన్నది. గుత్తి నుండి పత్తికొండకు వచ్చు దారిలో ఎర్రగుడివద్ద అశోకుని శిలాశాసనములు కలవు. వానిలో మొదటిది రాజు వంటశాలను ప్రస్తావించును. పూర్వము అచ్చట కూరకై దినదినము లక్షలకొలది ప్రాణులు చంపబడెడివనియు, ఇప్పుడు మూడు మాత్రమే చంపబడుచున్నవనియు అందు చెప్పబడినది. రాజు ప్రాణులను లెక్కించెను. వండువారు పీల్చిన పొగను ఎవ్వరును లెక్కింపలేదు. ఆ లెక్కకు మరి రెండు వేల రెండు వందల యేండ్లు పట్టినది.

మూడు రాళ్ళ పొయ్యి, కోడిపొయ్యి

మూడు రాళ్ళను పేర్చి నడుమ కట్టెలు పెట్టుట పొయ్యికి తొలిరూపము. దీనికి ఖర్చు లేదు. ఏ పాత్రయైనను నిలుచును. ఏ చెరకైనను మండును. ఈ సుగుణములవలననే అది ఇంతకాలము నిలచినది. తరువాత రాళ్ళ స్థానమున మట్టిగోడ వచ్చినది. ప్రక్కన మరియొక గుంట త్రవ్వి, పెద్దపొయ్యి మంటలో మిగిలినదానిని అందులోనికి మళ్ళించిరి. అదియే కోడిపొయ్యి. పెద్దపొయ్యిమీద అన్నమో సంగటియో ఉడుకుచుండగా కోడిపొయ్యిమీద పప్పు మెల్లగా ఉడుకును. పోవు వేడిని రెండవ పాత్రకు పట్టియిచ్చు ఉపాయము ప్రయోగశాలలకంటె ముందే మన యిండ్లలో పుట్టినదని విద్యార్థులు గమనింపవలెను.

ఈ సీమ మట్టిమిద్దెలలో వంటింటి కప్పుకు గవాక్షముండును. వాడుకలో దానిని గవాచి యందురు. వెలుతురు దిగుటకు, పొగ పోవుటకు అదియే దారి. కాని పొగ గవాచిని చేరులోపల ఇల్లంత నిండును. కప్పు దూలములకు పట్టిన నల్లని మసి ఇందుకు గుర్తు. పొగ చెదలను, పురుగులను కొంత దూరముగా నుంచునని పెద్దలు చెప్పుదురు. ఆ మాటలో కొంత నిజమున్నను, దూలమునకు మేలు చేయు మసి ఊపిరితిత్తులకును మేలు చేయదు.

సర్కారు తుమ్మ వచ్చిన కథ

వంటచెరకు కొరత ఈనాటిది కాదు. రైలుమార్గములు పడిన కాలమున కట్టెలకు గిరాకి పెరిగినది. మెట్టనేలలలో త్వరగా పెరిగి చెరకునకు పనికివచ్చు చెట్టు కావలెనని చెన్నరాజధాని అటవీశాఖాధికారి కర్నల్ బెడ్డోము 1876లో ప్రభుత్వమునకు వ్రాసెను. జమైకానుండి తెప్పించిన గింజలను 1877లో కడప జిల్లా కమలాపురమున నాటిరి. అవియే సర్కారు తుమ్మగింజలు. దక్షిణదేశమును 1876–78 మహాక్షామము పీడించుచున్న కాలమది. ఆ చెట్టు బ్రతికినది. బ్రతికి నేడు చెరువు గర్భములను, బీళ్ళను, వంకగట్లను కమ్ముకొనినది. పొలము పాడుచేయునని రైతు దానిని తిట్టును. గట్టిగా మండి మంచి నిప్పు నిచ్చునని గృహిణి దానిని కొట్టి తెచ్చుకొనును. వంటచెరకును గూర్చిన ఒక నిర్ణయము నేల రూపునే ఎట్లు మార్చగలదో ఈ చెట్టు చెప్పుచున్నది.

పొగ అనగా నేమి?

కట్టె తిన్నగా మండదు. మొదట వేడికి అందలి నీరు ఆవిరియై పోవును. వేడి మరికొంత పెరుగగా కట్టె పదార్థము విడిపోయి మండెడు వాయువులుగను తారు ఆవిరిగను మారును. ఎండుకట్టె బరువులో సుమారు నాల్గింట మూడు వంతులు ఇట్లు వాయురూపమున వెలువడును. మిగిలినది బొగ్గు. మనము చూచు మంట ఆ వాయువులు గాలిలోని ఆమ్లజనితో, అనగా ఆక్సిజనుతో, కలసి మండునప్పుడు పుట్టునదే.

ఆ వాయువులు పూర్తిగా మండుటకు మూడు కావలెను: చాలినంత వేడి, చాలినంత గాలి, ఆ రెండును చక్కగా కలియుటకు కొంత వ్యవధి. మూటిలో ఏది లోపించినను పొగ పుట్టును. పచ్చికట్టె పెట్టినచో వేడి చాలదు. తారు మండక సన్నని బిందువులై తెల్లని పొగగా లేచును. పొయ్యి నిండ కట్టెలు కుక్కినచో గాలి చాలదు. మండుచున్న జ్వాల చల్లని పాత్ర అడుగును వెంటనే తాకినచో వ్యవధి చాలదు; మండని కర్బనము మసియై పాత్రకు పట్టును. ఈ అసంపూర్ణ దహనమున కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కూడ పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. కావున కంటికి పొగ కానరానంత మాత్రమున పొయ్యి నిర్దోషమని తలపరాదు. బొగ్గుల కుంపటిని మూసిన గదిలో పెట్టుకొని నిద్రించుట ప్రాణాపాయమగుటకు కారణమిదియే.

పొగ యనునది కాలవలసిన చెరకు కాలకుండ పోవుటయే గనుక, పొగను తగ్గించుటయు చెరకును పొదుపు చేయుటయు ఒకటే యని తోచును. ఇది సగము మాత్రమే నిజము. పొయ్యిలో పుట్టిన వేడి పాత్రకు ఎంత చేరెనన్నది వేరు ప్రశ్న. పొగ లేకుండ మండియు వేడిని వృథాచేయు పొయ్యిలుండవచ్చును. వేడిని పొదుపుచేయుచు విషవాయువు నెక్కువగా వదలు పొయ్యిలును ఉండవచ్చును. పొయ్యిల చరిత్రలో జరిగిన పొరపాట్లలో పెక్కు ఈ రెండింటిని ఒకటిగా నెంచుటవలన కలిగినవే.

హైదరాబాదు పొయ్యి

స్వాతంత్ర్యము వచ్చిన కాలముననే ఈ సమస్యపై దృష్టి పడినది. వార్ధాలోని మగన్‌వాడిలో అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘమువారు 1947 ప్రాంతమున మగన్ చూలా అను మట్టిపొయ్యిని ప్రచారమునకు తెచ్చిరి. దానికి పొగగూడు కలదు.

తెలుగుదేశమున ఈ పనిని చేపట్టినవాడు డాక్టర్ ఎస్. పి. రాజు. ఆయన హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు అధిపతి. ఆనకట్టలు, కాలువలు, నేలలు, కట్టడపు సామగ్రి మొదలగువానిని పరీక్షించుట ఆ పరిశోధనశాల పని. నీటి ప్రవాహమును కొలుచు ఇంజనీరు వంటింటి పొగప్రవాహమువైపు చూపు మరల్చుట విశేషము. నీరైనను పొగయైనను ప్రవాహమే గదా! 1953లో ఆయన కోట్లాది జనులకు పొగలేని వంటిండ్లు కావలెనను భావముతో ఇంగ్లీషున ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. ఆ పొయ్యి పరిశోధనశాల ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరములతో హెర్ల్ చూలా యని ప్రసిద్ధి చెందినది.

దాని సూత్రము సులభమైనది. నిప్పుగూడు ఒక్కటే. అందు పుట్టిన మంట మొదటి పాత్ర అడుగును వేడిచేసి, మట్టిలో మలచిన దారివెంట తరువాతి పాత్రలవద్దకు పోవును. చివరకు పొగగూటిద్వారా ఇంటి వెలుపలికి పోవును. మన కోడిపొయ్యినే పొడిగించి దానికి పొగగూడు తగిలించినట్లున్నదని చెప్పవచ్చును. పొయ్యిని ఊరిమట్టితోనే కట్టుకొనవచ్చును. ఈ పొయ్యివలన గృహిణికి అయిదు విముక్తులు కలుగునని రాజు చెప్పెను: పొగనుండి, మసినుండి, సెగనుండి, వృథానుండి, అగ్నిభయమునుండి. స్వాతంత్ర్యమను మాట దేశమంతట మారుమ్రోగుచున్న దినములలో ఆ మాటను వంటింటి గడపకు తెచ్చుట ఆయన ప్రత్యేకత.

ఆ పొయ్యి ఇంటింట ఎందుకు నిలువలేదు? కారణములు పొయ్యి సూత్రములో లేవు, వాడుకలో ఉన్నవి. పాత్ర పొయ్యినోటికి సరిగా అమరవలెను. చిన్న పాత్ర పెట్టినచో సందులనుండి పొగ మరల ఇంటిలోనికి వచ్చును. పొగగూటిలో మసి పేరుకొనును. నెలకొకసారియైన దులుపకున్నచో ఊపు తగ్గి పొయ్యి ఎదురు పొగయును. ఊపు మరీ ఎక్కువైనను చిక్కే. వేడి పాత్రను తాకకయే గొట్టమువెంట పోయి కట్టె ఖర్చు పెరుగును. మట్టి నెరలు విచ్చును. విచ్చినచోట మెత్తకున్నచో లోపలి దారుల కొలతలు మారిపోవును. మట్టిమిద్దెకు రంధ్రము చేసి గొట్టము నిలిపినచో వానకు కప్పు కారును. ఒక్క కూర వండుకొను పేదయింట రెండవ పాత్ర, మూడవ పాత్ర ఉండవు. ఆ నోళ్ళు ఖాళీగా నుండును. పొయ్యిని కట్టియిచ్చుటతో పని ముగియదని, అది నిత్యపోషణ కోరు యంత్రమని ఆ తరమువారికి అనుభవముమీద తెలిసినది.

వైద్యుల సాక్ష్యము

1950లలో పొగను అసౌకర్యముగను, వృథాగను మాత్రమే ఎంచిరి. అది రోగహేతువని మనదేశమున ముందుగా గుర్తించినవారిలో డాక్టర్ ఎస్. పద్మావతి ఒకరు. ఢిల్లీలోని లేడీ హార్డింజి వైద్యకళాశాలలో పనిచేయుచు, ఊపిరితిత్తుల వ్యాధివలన గుండె కుడిభాగము దెబ్బతినిన రోగులను ఆమె పరిశీలించెను. పొగత్రాగు అలవాటులేని స్త్రీలకు కూడ ఈ వ్యాధి వచ్చుట చూచి, వంటింటి పొగ కారణము కావచ్చునని 1959లో సహపరిశోధకునితో కలసి ప్రకటించెను.

తరువాత కొలతలు వచ్చినవి. 1981లో కిర్క్ స్మిత్ అను శాస్త్రజ్ఞుడు మనదేశపు సహచరులతో కలసి గుజరాతు గ్రామములలో వండుచున్న స్త్రీలకు చిన్న పరికరములను తగిలించి వారు పీల్చు గాలిని పరీక్షించెను. వంట సమయమున ఘనపు మీటరు గాలిలో సుమారు 7 మిల్లీగ్రాముల ధూళి ఉన్నట్లు తేలినది. నగరముల గాలిని కొలుచుటయే తెలిసిన శాస్త్రలోకమునకు ఇది విస్మయము కలిగించినది.

మన రాష్ట్రమునకు సంబంధించిన కొలతలు డాక్టర్ కల్పనా బాలకృష్ణన్ బృందమువారివి. నాటి ఆంధ్రప్రదేశములోని నిజామాబాదు, వరంగల్లు, రంగారెడ్డి జిల్లాలలో 420 ఇండ్లను వారు పరిశీలించిరి. ఊపిరితిత్తుల లోతునకు పోగల సన్నని ధూళిని 24 గంటలపాటు కొలిచిరి. గ్యాసు వాడు ఇండ్లలో సగటున ఘనపు మీటరునకు 73 మైక్రోగ్రాములు. ఘన ఇంధనములు వాడు ఇండ్లలో 732 వరకు. ఈ ఫలితములు 2002లో నివేదికగను, 2004లో పత్రికయందును వెలువడినవి.

ఈ రెండు సంఖ్యలను తరగతిలో చర్చింపదగును. పది రెట్ల తేడా మొదటి పాఠము. గ్యాసు ఇంటిలో కూడ 73 ఉండుట రెండవ పాఠము. దుమ్ము కొంత వీధినుండి వచ్చును, కొంత పొరుగింటి పొయ్యినుండి వచ్చును. పొగగూడు పొగను నాశనము చేయదు, వెలుపలికి పంపును. వెలుపలికి పోయినది పొరుగువారి కిటికీలో దూరును. కావున పొగను పంపివేయు పొయ్యికంటె పొగను పుట్టనీయని పొయ్యి మేలు. ఒక ఇల్లు మారుటకంటె ఊరు మారుట మేలు.

జాతీయ ప్రణాళిక, దాని ఫలితము

1973లో పెట్రోలు ధరలు హఠాత్తుగా పెరిగిన పిదప ప్రపంచమంతట ఇంధనచింత హెచ్చినది. అడవుల నరకమునకు వంటచెరకే ముఖ్యకారణమని పలువురు తలచిరి. పొయ్యి మరల వార్తలలోనికి వచ్చినది. ఈసారి స్త్రీ కన్నీటికై కాదు, చెట్టు కొరకు. బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థలో ఆచార్య అమూల్య రెడ్డి చొరవతో 1974లో ఏర్పడిన అస్త్ర విభాగమువారు మూడు పాత్రల అస్త్ర ఒలెను రూపొందించిరి. పత్తికొండకు పొరుగైన కన్నడదేశమున అది విరివిగా కట్టబడినది.

1983లో కేంద్రప్రభుత్వము మేలురకపు పొయ్యిల జాతీయ కార్యక్రమమును ప్రారంభించెను. 2002లో అది ముగియునప్పటికి సుమారు 3 కోట్ల 50 లక్షల పొయ్యిలు కట్టబడినవి. సంఖ్య పెద్దదే. కాని వానిలో చాల భాగము కొలది సంవత్సరములలోనే మూలబడినవి. ఎన్ని కట్టిరని లెక్కించిరి గాని, ఎన్ని వాడుకలో నున్నవని లెక్కించుట తక్కువ. చవుకగా ఇచ్చినదానిపై ఇంటివారికి మమకారము కలుగలేదు. చెడినప్పుడు బాగుచేయువాడు ఊరిలో లేడు.

తరువాత ఒరిస్సా గ్రామములలో సుమారు 2,600 కుటుంబములను నాలుగేండ్లపాటు పరిశీలించిన అధ్యయనము కూడ ఇదే చెప్పినది. ఎస్తేర్ డుఫ్లో మొదలగు ఆర్థికశాస్త్రజ్ఞులు జరిపిన ఆ పరిశీలన 2012లో వెలువడినది. పొగగూడు గల మట్టిపొయ్యి ఇచ్చిన మొదటి యేడు పీల్చు పొగ తగ్గినది. ఆ తరువాత పోషణ లేక ఆ లాభము కరగిపోయినది. ఆరోగ్యమందును, కట్టె ఖర్చునందును మార్పు కానరాలేదు. అరువది యేండ్ల క్రిందటి హైదరాబాదు పొయ్యి అనుభవమే మరల కొత్త అంకెలలో పలికినది.

గాలిని రెండు దారుల నిచ్చు పొయ్యి

దహనమునకు కావలసిన మూడింటిని నిప్పుగూటిలోనే సమకూర్చుట కొత్తతరపు పొయ్యిల ఉద్దేశము. ఇవి ముఖ్యముగా రెండు విధములు.

మొదటిది రాకెట్ పొయ్యి. 1980లలో అమెరికాలో లారీ వినియార్స్కి దీని సూత్రములను స్థిరపరచెను. నిప్పుగూడు మోచేయివలె వంగియుండును. చుట్టును వేడిని పోనీయని తేలికపాటి పొర ఉండును. కట్టెలు అడ్డముగా పెట్టినచో కొనలు మాత్రమే మండును. జ్వాల నిలువుగొట్టములో కొంతదూరము పయనించి పూర్తిగా మండిన పిదపనే పాత్రను తాకును. పుల్లలవలె సన్నగానుండు పత్తికట్టెకు, కందికట్టెకు ఇది అనుకూలము.

రెండవది వాయుజనక పొయ్యి. డబ్బావంటి గూటిలో చెరకు నింపి పైన అంటింతురు. అడుగునుండి వచ్చు కొద్దిపాటి గాలి చెరకును వాయువుగా మార్చును; పై అంచున రంధ్రములనుండి వచ్చు రెండవ గాలి ఆ వాయువును మండించును. చిన్న ఫ్యాను అమర్చినచో కలయిక మరింత చక్కగా జరుగును. భారతీయ విజ్ఞానసంస్థలో ఆచార్య ముకుంద బృందమువారి కృషితో ఊర్జా అను ఫ్యాను పొయ్యి 2006 తరువాత బజారునకు వచ్చినది. వ్యవసాయ వ్యర్థములతో చేసిన గుళికలు దాని చెరకు. పొయ్యి చక్కగా మండినది. కాని గుళికల ధర పెరుగుటతో ఇండ్లలో వాడుక తగ్గినది. పొయ్యిని కొనుట ఒక యెత్తు, దాని చెరకు ప్రతినెల దొరకుట మరియొక యెత్తు.

ఇట్టి పొయ్యిలకు భారతీయ ప్రమాణములసంస్థ కొలబద్దలు నిర్ణయించినది. 1991లో వెలువడిన 13152 సంఖ్యగల ప్రమాణమును 2013లో సవరించిరి. దాని ప్రకారము ఫ్యాను లేని పొయ్యి చెరకులోని ఉష్ణమున నూటికి 25 వంతులైనను, ఫ్యాను గలది 35 వంతులైనను పాత్రకు చేర్చవలెను. పాత్రకు చేరిన ప్రతి మెగాజౌలు ఉష్ణమునకు కార్బన్ మోనాక్సైడు 5 గ్రాములు మించరాదు. ధూళి ఫ్యాను లేనిదానికి 350 మిల్లీగ్రాములు, ఫ్యాను గలదానికి 150 మిల్లీగ్రాములు మించరాదు.

నూనె, గ్యాసు

కట్టెనే విడిచిపెట్టు మార్గము వేరొకటి. 1965లో ఇండేన్ వంటగ్యాసు మొదలైనది. 1970లలో కిరసనాయిలు పొదుపుచేయు నూతన్ స్టవ్ వచ్చినది. అయితే కిరసనాయిలు కూడ ఇంటిగాలిని చెరచునని, దాని వాడుకను ప్రోత్సహింపరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2014లో చెప్పినది. ఆంధ్రప్రదేశమున 1999లో దీపము పథకముద్వారా పేద స్త్రీలకు గ్యాసు కనెక్షను లిచ్చిరి. 2016లో కేంద్రప్రభుత్వము ఉజ్జ్వల పథకమును ప్రారంభించెను. ఏటికి మూడు సిలిండర్లు ఉచితముగా నిచ్చు పథకము 2024లో ఆంధ్రప్రదేశమున మొదలైనది.

గ్యాసు వచ్చినను చాల ఇండ్లలో పాత పొయ్యి పోలేదు. టీ, కూర గ్యాసుమీద. స్నానపు నీళ్ళు, పశువుల దాణా, పెద్ద సంగటికుండ కట్టెలమీద. ఇది మొండితనము కాదు. చేనిలో ఊరకే దొరకు పత్తికట్టెను కాదని సిలిండరుకై రూకలు వెచ్చించుట కూలియింటికి సులభము కాదు. పొగలో సగము ఇట్లు మిగిలిపోవును. అందుచేతనే మేలైన కట్టెపొయ్యి ప్రశ్న ఇంకను ముగియలేదు.

పత్తికొండ యింటికి ఏది తగును?

చరిత్ర చెప్పిన పాఠములను ఇప్పుడు ఎంపికకు వర్తింపజేయుదము.

మొదటిది: ఘన ఇంధనమును కాల్చు పొయ్యి ఎంత మేలైనదైనను గ్యాసంత, విద్యుత్తంత శుభ్రము కాదు. పసిపిల్లలు, గర్భవతులు, ఉబ్బసరోగులు ఉన్న ఇంట నిత్యవంటకు గ్యాసునో విద్యుత్తునో వాడుట మేలు. ఉన్న సిలిండరును ఎక్కువ పొగపీల్చు పనులకు కేటాయింపవలెను. పొయ్యిచెంత గంటలకొలది కూర్చుండు వంట గ్యాసుమీదను, ఆరుబయట కాగు నీళ్ళు కట్టెమీదను జరుగుట యుక్తము. పశువులును నీరును చాలినంత ఉన్న రైతు గోబరు గ్యాసును ఆలోచింపవచ్చును. పేడకు ఇంచుమించు సమమైన నీరు దానికి ప్రతిదినము కావలెను గనుక నీటికరువు ఇండ్లకు అది కష్టము.

రెండవది: అన్ని చెరకులకు సమముగా తగిన నిప్పుగూడు లేదు. పుల్లలకు ఒక వైపు నోరు కావలెను; బుడ్డల పొట్టుకు నింపి పైన అంటించు డబ్బా కావలెను; బూడిద ఎక్కువైన పిడకలకు అడుగున జల్లెడయు బూడిదగూడును కావలెను. లోపలి భాగములను మార్చుకొనుటకు వీలుగల పొయ్యి అయినచో ఈ మూటిని కొంతవరకు తీర్చును. అన్ని చెరకులను కాల్చునని అమ్మువాడు చెప్పినప్పుడు, మన పొట్టును మన పిడకను తీసికొనిపోయి కాల్చి చూపుమనవలెను.

మూడవది: వంటనుబట్టి పొయ్యి. సంగటిని కట్టెతో గట్టిగా గెలుకునప్పుడు తేలికపాటి రేకుపొయ్యి ఒరిగిపోవును. వెడల్పైన అడుగు, పాత్రను పట్టియుంచు కమ్ములు కావలెను. జొన్నరొట్టె పెనమునకు మంట నడుమనే గాక అంతట సమముగా పరచుకొనవలెను. ఈ రెండు పనులను చేయలేని పొయ్యి ఎంత శాస్త్రీయమైనను ఈ సీమలో అటకెక్కును.

నాల్గవది: ఎండిన చెరకు. ఇది ఖర్చులేని సంస్కరణము. కిలో పచ్చికట్టెలో మూడవవంతు నీరున్నచో మండు పదార్థము తగ్గుటయే గాక, ఆ నీటిని ఆవిరిచేయుటకు సుమారు 0.9 మెగాజౌలు వ్యర్థమగును. తుమ్మకట్టెను చీల్చి నీడపట్టున వానతగలకుండ ఎండబెట్టినచో పాతపొయ్యి కూడ తక్కువ పొగయును.

అయిదవది: పోషణ. పొగగూటిని దులుపువా రెవరు, ఫ్యాను చెడినచో బాగుచేయువా రెక్కడ, బ్యాటరీని దేనితో నింపుదురు అని కొనుటకు ముందే అడుగవలెను. 3 కోట్ల 50 లక్షల పొయ్యిలు చెప్పిన పాఠమిది.

పాఠశాలలో చేయదగిన పరీక్ష

ఉపాధ్యాయులు ఈ విషయమును ఆరుబయట చిన్న ప్రయోగముగా చేయింపవచ్చును. ఒకే పాత్రలో 5 లీటర్ల నీరుపోసి మూతపెట్టి, ఒకే రకపు ఎండుకట్టెను తూచి, మూడు రాళ్ళపొయ్యిమీదను, మేలురకపు పొయ్యిమీదను వేరువేరుగా మరిగింపవలెను. మిగిలిన కట్టెను, బొగ్గును తూచి ఖర్చును కట్టవలెను.

లెక్క ఇట్లుండును. 5 లీటర్ల నీటిని 30 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు 1,465 కిలోజౌళ్ళు కావలెను. కిలో ఎండుకట్టె సుమారు 16,000 కిలోజౌళ్ళ నిచ్చుననుకొందము. నూటికి 10 వంతులు మాత్రమే పాత్రకు చేర్చు పొయ్యికి ఇంచుమించు 920 గ్రాముల కట్టె పట్టును. 25 వంతులు చేర్చుదానికి 370 గ్రాములు చాలును. పాత్ర అడుగున పట్టిన మసిని తెల్లగుడ్డతో తుడిచి రెండింటిని పోల్చినచో పొగ తేడాయు తెలియును. తరువాత నీటికి బదులు ఒక ఇంటి తల్లిని పిలిచి సంగటి వండించి మరల తూచవలెను. నీటి పరీక్షలో నెగ్గిన పొయ్యి సంగటి పరీక్షలో ఓడుట కద్దు. ప్రయోగశాల అంకెకును వంటింటి అంకెకును గల ఈ ఎడమును విద్యార్థి తన చేతులతో తూచి తెలిసికొనినచో, విజ్ఞానశాస్త్ర పద్ధతిలోని ఒక ముఖ్యసూత్రమును నేర్చినట్లే.

పొయ్యిని సంస్కరింపబూనినవారు మొదట చెరకును లెక్కించిరి, పిదప చెట్లను లెక్కించిరి, పిదప కట్టిన పొయ్యిలను లెక్కించిరి. పొయ్యిముందు కూర్చున్న మనిషి ఊపిరిని లెక్కించుట చాల ఆలస్యముగా మొదలైనది. ఇకమీదట ఏ పొయ్యి ఊరికి వచ్చినను మొదట వేయవలసిన ప్రశ్న ఇదియే: వంట ముగిసిన పిమ్మట ఆ తల్లి కన్ను ఎర్రబడకుండ, దగ్గు రాకుండ లేచి రాగలిగినదా? మరుసటి యేడును అట్లే రాగలుగుచున్నదా?